మా తమ్ముడి అడ్మిషన్‌కు నా సంతకం పనికిరాలేదు

ఏప్రిల్ 28న మా తమ్ముణ్ణి తిరుపతిలో మానసిక వైద్యం చేసే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. వాడు ఒప్పుకోలేదు, అయినా చేర్చాం. "ఒప్పుకోని మనిషిని ఎట్ట చేర్చుకున్నారు? కోర్టు ఆర్డరు కావాలంట కదా?" అని ఇప్పటికీ బంధువులు అడుగుతూనే ఉన్నారు. మేం కోర్టుకు పోలేదు. ఏం జరిగిందో వరసగా రాస్తున్నాను. ఆసుపత్రి పేరు, మనుషుల పేర్లు రాయను. తమ్ముడు ఇది చదివి రెండు చోట్ల కొట్టేయమన్నాడు, కొట్టేశాను.

వాడికి ముప్పై రెండేళ్లు. పెళ్లి కాలేదు. పాకాల దగ్గర మా పల్లెలో అమ్మతో ఉంటాడు, సెల్‌ఫోన్ రిపేరు షాపు నడుపుతాడు. నేను పెళ్లయి తిరుపతిలో ఉన్నాను. రెండేళ్ల కిందట వాడికి మొదటిసారి జబ్బు చేసినప్పుడు డాక్టరు బైపోలార్ అన్నారు, అంటే కొన్నాళ్లు పట్టరాని హుషారు, కొన్నాళ్లు దిగులు కమ్మే జబ్బు. అప్పుడు ఆసుపత్రిలో చేరకుండానే మందులతో తగ్గింది. తగ్గాక ఒకరోజు ఓపీలో సోషల్ వర్కర్ ఒకావిడ వాడి చేతికి తెల్ల కాగితం ఇచ్చి, "మళ్లీ ఎప్పుడైనా నీకు నువ్వు నిర్ణయం తీసుకోలేని పరిస్థితి వస్తే, నీ తరఫున ఎవరు మాట్లాడాలో రాసివ్వు" అంది. వాడు రాసి సంతకం పెట్టాడు. ఆమె దాన్ని ఫైల్లో పెట్టుకుంది. ఎవరి పేరు రాశాడో నేను చూడలేదు. చూడాలని కూడా అనిపించలేదు. అమ్మ పేరో నా పేరో కాకపోతే ఇంకెవరి పేరు రాస్తాడు?

ఈ ఏడాది సంక్రాంతి తర్వాత మందులు మానేశాడు. మార్చికల్లా నిద్ర పోయింది. రాత్రి రెండింటికి ఫోన్ చేసి రేణిగుంట ఎయిర్‌పోర్టు దగ్గర పదెకరాలు కొంటున్నానని చెప్పేవాడు. బండి అమ్మేశాడు. లోన్ యాప్‌లలో అప్పు చేశాడు. రిపేరుకని జనం ఇచ్చిన ఫోన్లను దారిన పోయేవాళ్లకు పంచిపెట్టాడు. ఆ ఫోన్ల వాళ్లంతా ఇంటి మీదికి వస్తే అమ్మ తలుపు వేసుకుని కూర్చుంది. ఏప్రిల్ మూడో వారంలో చిత్తూరు రోడ్డు నడిమధ్య నిలబడి, చెప్పుల్లేని కాళ్లతో, టమోటా లారీలు ఆపి "లోడు చూపించు" అన్నాడు. లారీ గుద్దకుండా పోయిందంటే ఆ డ్రైవరు పుణ్యమే.

ఎవరో ఫోన్ చేస్తే పోలీసులు వచ్చారు. స్టేషన్‌లో పెడతారేమోనని నేను తిరుపతి నుంచి ఏడుస్తూ బయల్దేరాను. ఆ కానిస్టేబులు వాణ్ణి టీ అంగడిలో కూర్చోబెట్టి, టీ తాగించి, ఇంటికి తెచ్చి దింపాడు. "లాకప్‌లో పెట్టేదానికి లేదు మేడమ్. ఇట్టాంటోళ్లు రోడ్డు మీద తిరుగుతా ఉంటే మేం కాపాడి 24 గంటల్లోపల సర్కారు ఆసుపత్రికి చేర్చాల. మీకు ఇల్లూ వాకిలీ ఉండాది కాబట్టి మీకు అప్పజెప్తా ఉండా. తొందరగా చూపించుకోండి" అన్నాడు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గురించి నేను మొదట విన్నది ఆయన నోటి నుంచే.

ఇక సలహాలు మొదలయ్యాయి. మా వైపు ఇలాంటి జబ్బు వస్తే షోలింగర్ కొండకు తీసుకుపోయి ఆంజనేయస్వామి సన్నిధిలో కొన్నాళ్లు ఉంచడం పాత అలవాటు. దేవుడి మీద నాకేం కోపం లేదు, నేనూ మొక్కుకున్నాను. కానీ మా పెద్దమామ "కాళ్లకు గొలుసేసి తీసుకుపోతే యాడికీ పరిగెత్తడు" అన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన పూరిపాకకు నిప్పంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్నందువల్లే పారిపోలేక 28 మంది కాలిపోయారు. నాకప్పుడు ఇంటర్. పేపర్లో ఆ ఫోటో చూశాను, మరిచిపోలేదు. ఇప్పుడు చట్టమే మనిషిని ఏ రకంగానూ గొలుసులతో కట్టకూడదని చెబుతోంది. అది చెప్తే మామ "చట్టం వచ్చి నీ తమ్ముణ్ణి చూసుకుంటుందా?" అన్నాడు. ఆ ప్రశ్న అన్యాయమైందేమీ కాదు. వారం రోజులు నేను తిరిగిందంతా ఆ ప్రశ్న చుట్టూనే.

ఆసుపత్రిలో చేర్చుకోవడానికి చట్టంలో పద్ధతి ఉంది. ఇంటి నుంచి ఆసుపత్రి గేటు దాకా ఎవరు తేవాలి? ఫోన్ చేసిన ప్రతిచోటా అక్కడే ఆగిపోయేది. "పేషెంటును తీసుకురండి, చూస్తాం" అనేవారు. వచ్చేవాడైతే నేను ఫోన్ ఎందుకు చేస్తాను? ఒక ప్రైవేటు అంబులెన్సు వాళ్లు మాత్రం చాలా సులువుగా మాట్లాడారు. "నలుగురు మనుషుల్ని పంపుతాం, సూది వేసి పట్టుకొచ్చేస్తారు, పద్దెనిమిది వేలు. రాత్రిపూట అయితే ఇరవై రెండు." సూది ఎవరు వేస్తారు, డాక్టరా అంటే "అవన్నీ మేం చూసుకుంటాం మేడమ్" అన్నారు. అమ్మ తన కమ్మలు తీసి నా చేతిలో పెట్టింది, పిలిపించమని.

ఆ రాత్రి 14416కు చేశాను. టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన నంబరు, ఉచితం, ఏ వేళైనా పనిచేస్తుంది. తెలుగులోనే మాట్లాడారు. ఆమె రెండు విషయాలు అడిగింది. దగ్గర్లో ఏ ఎంబీబీఎస్ డాక్టరైనా ఉన్నారా? ఇదివరకు చూపించిన ఆసుపత్రిలో నామినేటెడ్ రెప్రజెంటేటివ్‌గా, అంటే పేషెంటు తరఫున మాట్లాడే నామినీగా, ఎవరి పేరైనా రాసి ఉందా? ప్రాణాపాయం ఉన్నప్పుడు ఏ డాక్టరైనా 72 గంటల దాకా అత్యవసర చికిత్స చేయవచ్చనీ, ఆసుపత్రికి చేర్చడం కూడా అందులోకే వస్తుందనీ, ఆ పేరున్న మనిషి అందుబాటులో ఉంటే ఆ మనిషి అనుమతి తీసుకుంటారనీ చెప్పింది.

పొద్దున్నే పాత ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఫైలు తీశారు. కాగితం మీద పేరు అమ్మది కాదు, నాది కాదు. చిత్తూరులో టైర్ల షాపులో పనిచేసే వాడి స్నేహితుడిది.

అమ్మ ఆ మాట విని "కడుపున పుట్టినోడు ఎవురి పేరో రాసినాడే" అని గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. నేను ఏం మాట్లాడలేదు గానీ, నాకూ గుచ్చుకుంది. రెండేళ్లుగా చెకప్‌లకు వెంట తిరిగింది నేను. మందుల చీటీలు, రక్తపరీక్షల రిపోర్టులు అన్నీ నా బీరువాలో ఉన్నాయి. రక్తసంబంధం ఉన్నవాళ్లకు చట్టంలో చోటు లేకపోలేదు. పేషెంటు ఎవరినీ ఎంచుకోకపోతే అప్పుడు బంధువుల వంతు వస్తుంది. ఎంచుకుని ఉంటే మాత్రం ఎంచుకున్న మనిషే ముందు. పద్దెనిమిదేళ్లు నిండిన ఎవరి పేరైనా రాసుకోవచ్చు, చుట్టం కానక్కర్లేదు.

ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. వాడికే తెలియదు వాడి పేరు రాసి ఉందని! మొదట నవ్వాడు, తర్వాత భయపడ్డాడు. "నేను సంతకం పెడితే రేపు కేసు గీసు అయితే ఎట్టక్కా? బాగైనాక వాడే నన్ను తన్నడా?" అన్నాడు. అరగంట తర్వాత వాడే తిరిగి చేసి "సోమవారం ఓనరుకు చెప్పి వస్తా" అన్నాడు. అంబులెన్సు మాట చెబితే "వద్దక్కా. నలుగురొచ్చి ఎత్తుకుపోతే వాడు జన్మలో మన మొహం చూడడు" అన్నాడు.

సోమవారం పొద్దున తొమ్మిదికల్లా పల్లెకు వచ్చాడు. నేను అనుకున్నది వేరు, జరిగింది వేరు. వాడు తమ్ముడి పక్కన కూర్చుని పాదాలు చూశాడు. కాలే రోడ్డు మీద నడిచి నడిచి బొబ్బలెక్కి చీము పట్టి ఉన్నాయి. "ముందు కాలికి కట్టు కట్టించుకుందాం రాప్పా. ఆ తర్వాత తిరుపతిలో నీ డాక్టర్ని చూద్దాం. నేను గూడా వస్తా" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. తమ్ముడు లేచి చొక్కా వేసుకున్నాడు. ఊరి ఆసుపత్రి డాక్టరుగారు కట్టు కట్టి, స్నేహితుడి దగ్గర సంతకం తీసుకుని, మత్తు సూది వేసి, తిరుపతికి చీటీ రాసిచ్చారు. సూది వేసేటప్పుడు తమ్ముడు గట్టిగానే గొడవ చేశాడు, అది రాయొద్దన్నాడు కాబట్టి రాయను. బాడుగ కారుకు రెండువేల ఐదువందలు.

ఆసుపత్రికి మధ్యాహ్నం పన్నెండున్నరకు చేరాం. నేను ఫైలు పట్టుకుని గబగబా కత మొత్తం చెప్పబోతే సైకియాట్రిస్టు చెయ్యి అడ్డం పెట్టి, "ముందు అతన్ని అడగనివ్వండి" అన్నారు. వాణ్ణే అడిగారు. నీకు ఏం జబ్బని చెప్పారు, మందు వేసుకుంటే ఏమవుతుంది, వేసుకోకపోతే ఏమవుతుంది, ఇక్కడ ఉంటావా? వాడు మత్తులోనే "నాకేం జబ్బులేదు, నేను ఉండను, నాలుగింటికి రిజిస్ట్రేషన్ ఉంది" అన్నాడు. జబ్బుందని అన్నంత మాత్రాన నిర్ణయం తీసుకునే శక్తి లేదని అనుకోకూడదట. చెప్పింది అర్థమవుతోందా, దాని మంచీచెడూ బేరీజు వేయగలుగుతున్నాడా, తన మాట చెప్పగలుగుతున్నాడా అని చూసి రాయాలట. రాశారు.

అయిపోయిందనుకున్నాం. అవలేదు. ఇలా ఇష్టం లేకుండా చేర్చుకునేది 89వ సెక్షన్ కింద, దాన్ని సపోర్టెడ్ అడ్మిషన్ అంటారు. దానికి ఇద్దరు విడివిడిగా పరీక్ష చేయాలి. ఒకరు సైకియాట్రిస్టు, రెండోవారు మానసిక వైద్య నిపుణులో మరో డాక్టరో. రెండో ఆయన సాయంత్రం ఆరు తర్వాత గానీ రాలేదు. అప్పటిదాకా తమ్ముణ్ణి క్యాజువాల్టీలో ఒక మంచం మీద పడుకోబెట్టి, స్నేహితుడు ఒకవైపు, మా ఆయన ఒకవైపు కూర్చున్నారు. మధ్యలో వాడు లేచిపోతాడేమోనని నాకు మంచినీళ్లు కూడా దిగలేదు. ఇలా చేర్చాల్సి వస్తే రెండో డాక్టరు ఏ టైముకు వస్తారో ముందే ఫోన్లో కనుక్కోండి.

దరఖాస్తు మీద సంతకం ఆ అబ్బాయిదే. పెన్ను పట్టుకుని "ఎన్నాళ్లు?" అని అడిగాడు. ఎక్కువలో ఎక్కువ 30 రోజులు అన్నారు. అంతకన్నా అవసరమైతే మళ్లీ ఇద్దరు సైకియాట్రిస్టులు చూసి, రివ్యూ బోర్డు, అంటే ఇలాంటి అడ్మిషన్లను పరిశీలించడానికి ఈ చట్టం కింద పెట్టిన బోర్డు, ఒప్పుకోవాలి. 30 రోజులని రాసి ఉన్నా, అంతకు ముందే బాగైతే అన్ని రోజులూ ఉంచేది లేదు. చేర్చిన సంగతి ఆసుపత్రి వాళ్లు ఏడు రోజుల్లోగా ఆ బోర్డుకు తెలియజేయాలి. ఆడవాళ్లూ పిల్లలూ అయితే మూడు రోజుల్లోనే. అడ్వాన్సు ఇరవై వేలు కట్టమన్నారు. అది మాత్రం నేను కట్టొచ్చట!

మర్నాడు తెల్లవారి ఆరింటికి స్నేహితుడి ఫోన్. రాత్రి తమ్ముడు కిటికీ అద్దం పగలగొట్టబోతే కాసేపు గుడ్డపట్టీలతో చేతులు కట్టారని, ఆ సంగతి తనకు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి చెప్పారని అన్నాడు. అలా కట్టిన ప్రతిసారీ రాసిపెట్టి, 24 గంటల్లో నామినీకి చెప్పాలి. నేను అదే ఊళ్లో, ఆటోలో పది నిమిషాల దూరంలో ఉన్నాను. వార్త మాత్రం చిత్తూరు తిరిగి నా దగ్గరికొచ్చింది. కోపంతో పోయి కౌంటర్లో అడిగాను. "రూలు అదే మేడమ్" అంది అక్కడి అమ్మాయి, నా ముఖం చూసి కుర్చీ వేసింది.

అంతకన్నా పెద్ద దెబ్బ తర్వాత తగిలింది. వార్డులోకి పోబోతే నర్సు ఆపింది. "మీ తమ్ముడు మిమ్మల్ని చూడనన్నాడు. వద్దన్న వాళ్లను మేం పంపకూడదు." అమ్మను రానిచ్చాడు, మా ఆయన్ను రానిచ్చాడు. నన్ను వారం రోజులు రానివ్వలేదు. రోజూ అన్నం క్యారియర్ తీసుకుపోయి గేటు దగ్గర అమ్మకిచ్చి, చింతచెట్టు కింద కూర్చుని వచ్చేదాన్ని. ఒకరోజు పెరుగన్నం ఖాళీ గిన్నె మా ఆయన తెచ్చిచ్చి "ఉప్పు తక్కువైందన్నాడు" అన్నాడు. ఆ రోజు కొంచెం నిద్రపట్టింది.

అమ్మకు ఇంకో రంధి. తిరుమల కొండకు మొక్కుకుంది, వాడికి గుండు చేయిస్తానని. వాడు మందుల మత్తులో ఉన్నప్పుడే మంగలిని పిలిపించి పని కానిచ్చేద్దామని చూసింది. నర్సు వద్దంది. "అతను ఒప్పుకుంటే తప్ప గుండు చేయించకూడదమ్మా, చట్టంలోనే ఉంది." అమ్మ నోరు తెరిచింది. "తిరుపతిలో గుండుకు చట్టమేందమ్మా!" నిజంగానే ఉంది. బలవంతంగా గుండు చేయకూడదు, సొంత బట్టలు వేసుకుంటానంటే ఆసుపత్రి యూనిఫాం తొడగకూడదు అని రాసి ఉంది. చివరికి అమ్మ మే నెలాఖరులో కొండకు పోయి, కల్యాణకట్టలో తన తలనీలాలే ఇచ్చి వచ్చింది. స్వామికి లెక్క సరిపోయిందట.

తమ్ముడు నాలుగో రోజున నర్సును "నా మీద జరిగిన అన్యాయం ఎవరికి చెప్పుకోవాలి?" అని అడిగితే, బోర్డుకు రాసుకోవచ్చని, లాయరు కావాలంటే ఉచితంగా ఇస్తారని చెప్పి కాగితాలిచ్చింది. ఇలాంటి అర్జీ మీద బోర్డు ఏడు రోజుల్లో తేల్చాలి. వాడు నాలుగు పేజీలు రాశాడు. మొదటి పేజీ అంతా నేనే. మూడో పేజీకి వచ్చేసరికి రేణిగుంట పదెకరాలు వచ్చాయి. దిద్దుతూ దిద్దుతూ రెండు రోజులు గడిపి, పంపకుండా దిండు కింద పెట్టుకున్నాడు. ఇప్పటికీ ఆ కాగితాలు వాడి దగ్గరే ఉన్నాయి, చింపనంటాడు.

మే 5న మొదటి రివ్యూ. వారానికోసారి, నిర్ణయం తీసుకునే శక్తి తిరిగి వచ్చిందా అని చూడాలి. కొంచెం నయం అన్నారు. ఆ సాయంత్రం నన్ను రానిచ్చాడు. ఏమీ మాట్లాడకుండా కాసేపు కూర్చున్నాం. నేను ఆపుకోలేక అడిగేశాను, నా పేరు ఎందుకు రాయలేదని. "నువ్వు భయపడతావక్కా. భయపడితే డాక్టరు ఏం చెప్పినా సరేనంటావు. వాడైతే నన్ను ఒక మాట అడుగుతాడు" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. పాదాలకు కట్టు మార్చే టైమైందని నర్సు వచ్చింది.

మే 12న రెండో రివ్యూ. డాక్టరు వాడితో "ఇప్పుడు నీకు విషయం అర్థమవుతోంది. ఇకమీదట నీ ఇష్టం. ఉంటే నీ అంతట నువ్వు చేరినట్టు రాసుకుంటాం, లేదంటే పోవచ్చు" అన్నారు. అప్పుడే టెన్షన్ మొదలైంది మాకు. పద్నాలుగు రోజులకే పంపేస్తారా? అమ్మ డాక్టరు కాళ్లు పట్టుకోబోయింది, ఇంకో నెల ఉంచమని. ఆయన ఒప్పుకోలేదు, ఒప్పుకునే వీలూ లేదట. చిత్తూరు నుంచి స్నేహితుడు వచ్చి బయట టీ అంగడి దగ్గర తమ్ముడితో గంటసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. శుక్రవారం దాకా ఉంటానని వాడే సంతకం పెట్టాడు.

మే 16న డిశ్చార్జి. మందుల గురించి ఒక్క విషయం. వాడికి లిథియం రాశారు. మన ఎండల్లో చెమట పోసి నీళ్లు తక్కువ తాగితే ఆ మందు రక్తంలో పెరిగిపోతుందట. శనివారాలు నీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉండొద్దన్నారు, ఉప్పు ఉన్నట్టుండి మానేయొద్దన్నారు, ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో అడిగి బ్రూఫెన్ లాంటివి వేసుకోవద్దన్నారు. చేతులు బాగా వణికినా, వాంతులు విరేచనాలు అయినా వెంటనే రమ్మన్నారు. లిథియం లెవెల్, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు అప్పుడప్పుడూ చేయించాలి.

బిల్లు అంతా కలిపి డెబ్బై నాలుగు వేలు. వాడికి హెల్త్ ఇన్సూరెన్సు ఉంది. క్యాష్‌లెస్ అడిగితే కంపెనీ "మానసిక జబ్బులు పాలసీలో రావు" అని ఒక్క లైనులో తిప్పికొట్టింది. బిల్లింగ్‌లో ఉన్న కుర్రాడు అలవాటైనవాడిలా "డబ్బు కట్టేయండి మేడమ్, తర్వాత క్లెయిమ్ పెట్టండి, ఉత్తరంలో సెక్షన్ 21(4) అని రాయండి" అన్నాడు. శరీరానికి వచ్చే జబ్బులకు ఎలా ఇన్సూరెన్సు ఇస్తారో మానసిక జబ్బులకూ అలాగే ఇవ్వాలని ఆ 2017 చట్టంలోని ఈ సెక్షన్‌లో ఉంది. 2022 అక్టోబరులో బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ కూడా కంపెనీలన్నింటికీ అదే గట్టిగా చెప్పింది. జూన్ మొదట్లో క్లెయిమ్ పెట్టాను. ఒకసారి డిశ్చార్జి సమ్మరీ లేదన్నారు, ఒకసారి స్టాంపు సరిగా పడలేదన్నారు. ఆగస్టులో యాభై ఒక్క వేలు పడ్డాయి. మిగతాదాంట్లో కొంత ఎందుకు కోశారో అడుగుతూ రాశాను. జవాబు రాకపోతే బీమా ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్‌కు పెడతాను.

తమ్ముడు షాపు తెరిచాడు. పోయిన ఫోన్లలో సగం దొరికాయి, మిగతావాటికి నెలనెలా కడుతున్నాడు. ఇప్పుడు అడ్వాన్స్ డైరెక్టివ్ రాస్తున్నాడు, అంటే మళ్లీ జబ్బు చేస్తే ఏ వైద్యం కావాలో ఏది వద్దో ముందే రాసిపెట్టే కాగితం. అత్యవసర చికిత్సకు అది వర్తించదని డాక్టరు ముందే చెప్పారు. గొలుసు వద్దు, షోలింగర్‌కు తీసుకుపోతే నేను అడిగితేనే, షాపు తాళం అమ్మ దగ్గర ఉండాలి అని రాశాడు. అందులో నామినీలుగా ఒకరి తర్వాత ఒకరుగా ఎంతమంది పేర్లయినా ఇవ్వొచ్చు. చిత్తూరు అబ్బాయే పట్టుబట్టాడు, "నేను లోడు వేసుకుని బెంగుళూరు పోయినప్పుడు మీరేం చేస్తారక్కా, ఇంకో పేరు రాయించండి" అని. రెండో పేరు మా ఆయనది. మూడోది నాది. నంబర్లు మూడూ సరిగా ఉన్నాయా లేదా అని నిన్న వాడే ఒక్కొక్కటికీ రింగ్ ఇచ్చి చూసుకున్నాడు.